"మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాను" అంటున్నారు అత్తయ్యగారు

తైవాన్‌లోని షిన్‌చు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఆమెకి 31 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ చిప్‌ల తయారీ రంగంలో ఇంజనీర్లు, ఐదేళ్లుగా అక్కడే ఉంటున్నారు. అత్తమామలది బందరు. నెల రోజులు కొడుకు దగ్గర ఉండి వెళ్దామని వచ్చారు. మామయ్యగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులు. అత్తయ్యగారు పూర్తి శాకాహారి. పైగా ఇది కార్తీక మాసం, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు.

వచ్చిన మొదటి శనివారం వాళ్లని తైపే తీసుకెళ్లారట. మధ్యాహ్నం ఒక హోటల్లో "మాంసం వద్దు" అని చైనీస్‌లో చెప్పి మరీ నూడుల్స్ తెప్పించింది ఈ అమ్మాయే. రెండు చెంచాలు తిన్నాక గిన్నె అడుగున చిన్న మాంసం ముక్క కనపడింది. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి నోరు కడుక్కున్నారు. మిగిలిన రోజంతా రెండు అరటిపళ్లతో సరిపెట్టుకున్నారు. సాయంత్రం నైట్ మార్కెట్‌లో పులిసిన టోఫూ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. రాత్రి 11 గంటలకి ఇంటికొచ్చి తలస్నానం చేసి, దీపం పెట్టుకుని పడుకున్నారు. కొడుకు మాత్రం "తెలియక తిన్నదానికి పాపమేముందమ్మా, మర్చిపో" అని ఒక్క మాటతో తేల్చేశాడు.

ఇప్పుడు వాళ్ల ప్రయాణానికి ముందు ఒకే ఒక్క శనివారం మిగిలింది. భర్తకి తైవాన్ దక్షిణాన ఉన్న తైనాన్ అనే పాత ఊరికి వెళ్లాలని రెండేళ్లుగా కోరిక. మిల్క్‌ఫిష్ గంజి, ఈల్ చేప నూడుల్స్, రొయ్యల రోల్స్ అని ఫోన్‌లో లిస్టు రాసి పెట్టుకున్నాడు. అతను చేపలు, రొయ్యలు తింటాడని తల్లికి తెలుసు, కానీ ఆవిడ ఎదుట ఎప్పుడూ తినలేదు. అత్తయ్యగారు "మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాను" అంటున్నారు. ఆవిడ రాకపోతే మామయ్యగారూ రానంటున్నారు. భర్తేమో "నువ్వే ఎలాగోలా ఒప్పించు" అంటున్నాడు. "ట్రిప్ మానేయనా, బలవంతంగా తీసుకెళ్లనా, మేమిద్దరమే వెళ్లి రానా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని అడిగారు.

సమాధానం:

మీరు ట్రిప్ గురించి చాలా రాశారు, ఆ మాంసం ముక్క గురించి మూడే వాక్యాలు రాశారు. కానీ నాకు ఉత్తరమంతా ఆ మూడు వాక్యాల చుట్టూనే తిరుగుతున్నట్టు కనపడింది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అక్కడ మీ అజాగ్రత్త ఏమీ లేదు, హోటల్ వాళ్ల మోసమూ లేదు. "మాంసం వద్దు" అంటే వాళ్లకి పైన వేసే ముక్కలు వద్దని అర్థం. వాళ్లు పైన ముక్కలు వేయలేదు. కింద ఉన్న పులుసు మాత్రం చాలా చోట్ల పంది ఎముకలు మరిగించి చేసిందే. ఆకుకూర వేపుడు కూడా ఒక్కోసారి పంది కొవ్వుతో చేస్తారు. వాళ్లకి "మాంసం వద్దు" ఒక మాట, "శాకాహారం" వేరే మాట. రెండోది చెప్తేనే వంటింట్లోకి విషయం చేరుతుంది. ఆ మాట "సూ". "వొ ఛ్ సూ", అంటే నేను శాకాహారం తింటాను. ఇది ఆహారంలో ఒక ఇష్టాన్ని చెప్పే మాట కాదు, ఒక నియమాన్ని చెప్పే మాట. బౌద్ధుల ఆచారంతో ముడిపడి ఉంది. అది వినగానే తైవాన్ హోటల్ వాళ్లు ఉంటే పెడతారు, లేకపోతే "మా దగ్గర కుదరదు" అని చెప్పేస్తారు.

మీ అత్తయ్యగారికి బహుశా ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. తైవాన్‌లో నియమంగా ఉండే బౌద్ధ శాకాహారులు ఉల్లి, వెల్లుల్లి తినరు. ఆ జాతి ఘాటు దినుసులు ఐదింటిని కలిపి నిషేధంగా పెట్టుకున్నారు. అక్కడ ప్యాకెట్ మీద వేసే శాకాహార గుర్తుల్లో కూడా ఈ తేడాలు ఉంటాయి. పూర్తి శాకాహారం వేరు, పాలు కలిసింది వేరు, గుడ్డు కలిసింది వేరు, ఉల్లి వెల్లుల్లి ఉన్నది వేరు. చాలామంది చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు శాకాహారమే తింటారు. పదిహేనో రోజంటే పౌర్ణమే కదా. కార్తీక పౌర్ణమికి మీ అత్తయ్యగారు ఉపవాసం ఉంటుంటే, మీ వీధిలో ఎవరో ముసలావిడ కూడా ఆ రోజు నియమంగా "సూ" తింటూ ఉంటుంది. ఆవిడ తన ఆచారాన్ని అర్థం చేసుకోలేని దేశానికి వచ్చాననుకుంటున్నారు. అది నిజం కాదు, కానీ ఆ తైపే రోజు ఆవిడకి అలాగే చూపించింది.

ఇక "నేను ఇంట్లో ఉంటాను" అన్న మాట. దీన్ని అలకగా చదవకండి. తన వల్ల మీ రోజు పాడవుతుందని ఒక భయం, మళ్లీ అలాంటిది జరిగితే తట్టుకోలేనని ఇంకొక భయం, రెండూ అందులో ఉన్నాయని నాకనిపిస్తోంది. కొడుకు "మర్చిపో" అన్నాడు. ఆవిడకి కావలసింది మర్చిపోవడం కాదు. నియమం తప్పిందని బాధపడుతున్న మనిషికి పాపం లేదని తీర్పు చెప్తే ఊరట రాదు, "అయ్యో, అలా జరిగిందే" అని పక్కన కూర్చుంటే వస్తుంది. ఆ పని ఇంకా ఎవరూ చేయలేదు. మీరు భయపడి చేయలేదు, అతను తోచక చేయలేదు.

ఆవిడ దగ్గర ఆ విషయం ఎత్తాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకోవాలి. ఎత్తితే ఆవిడ కంటతడి పెట్టవచ్చు, లేదా "అదేం లేదమ్మా" అని దాటేయవచ్చు. ఎత్తకపోతే తైనాన్ గురించి మీరు ఎంత బాగా చెప్పినా ఆవిడకి ఆ గిన్నే గుర్తొస్తుంది. ఎత్తదలచుకుంటే మాత్రం పులుసు, కొవ్వు అని నేను పైన చెప్పిన వివరాలతో మొదలుపెట్టకండి. అవి సంజాయిషీలా వినిపిస్తాయి. "ఆ రోజు నేను సరిగ్గా కనుక్కోకుండా తెప్పించాను అత్తయ్యా, అప్పటి నుంచీ బాధగానే ఉంది" అంటే చాలు. వివరాలు ఆవిడ అడిగితే చెప్పండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. "నువ్వే ఒప్పించు" అని మీ ఆయన మీ మీద పెట్టిన పని మీది కాదు. పిలవాల్సింది కొడుకు. కోడలు పిలిస్తే ఆవిడ మర్యాద కోసం కాదనవచ్చు, మర్యాద కోసం ఒప్పుకోనూవచ్చు. రెండూ మీకు ఉపయోగపడవు. కొడుకు "అమ్మా, నువ్వు లేకుండా నాకు వెళ్లాలని లేదు, నీకు ఏం కావాలో చెప్పు" అని అడిగితే ఆవిడ నిజం చెప్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీరిద్దరే వెళ్లి రావడం. ఇందులో తప్పేమీ లేదు, ఆవిడ స్వయంగా చెప్పారు కదా. కానీ ఆ రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి. భాష రాని ఊళ్లో, అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఇద్దరూ కూర్చుంటారు. మీరు గంటకోసారి ఫోన్ చేస్తారు. మీ ఆయనకి ఈల్ నూడుల్స్ దొరుకుతాయి, మీకు దొరికేది టెన్షనే. నెల రోజుల్లో మిగిలిన ఒక్క శనివారం అది. తర్వాత ఎవరూ మిమ్మల్ని ఏమీ అనకపోవచ్చు. మీరే మిమ్మల్ని అనుకుంటారని నా భయం, ఎందుకంటే ఉత్తరం చదివితే మీ స్వభావం అలాంటిదనిపించింది.

తైనాన్ మానేసి పూర్తిగా ఆవిడకి నప్పే చోటికి వెళ్లడం ఇంకో దారి. హైస్పీడ్ రైల్లో చివరిదాకా, ద్జోయింగ్ వరకు వెళ్తే అక్కడి నుంచి బస్సులో కావొసుంగ్ దగ్గరి ఫొ గ్వాంగ్ షాన్ బౌద్ధ క్షేత్రానికి చేరొచ్చు. 1967లో మొదలైన మఠం, పక్కనే 2011లో తెరిచిన పెద్ద బుద్ధ మ్యూజియం. అక్కడ దొరికేది శాకాహారమే. అత్తయ్యగారికి ఏ భయమూ ఉండదు. కానీ మీ ఆయన రెండేళ్ల కోరిక అటకెక్కుతుంది. అతను ఇష్టపూర్వకంగా వదులుకుంటే సరే, మొహం మాడ్చుకుని వస్తే ఆ మాడిన మొహాన్ని ఆవిడ రోజంతా చూస్తారు.

మూడోది, నలుగురూ తైనాన్ వెళ్లడం, కానీ తైపే వెళ్లినట్టు కాదు. నా మనసు దీని వైపే ఉంది. కారణం తిండి కాదు, ఆ ఊరే. అది మీ ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఇవ్వగల ఊరు.

మీ మామయ్యగారితో మొదలుపెడతాను. బందరులో పెరిగి సోషల్ చెప్పిన మనిషికి డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ గురించి వేరే చెప్పక్కర్లేదు. 1600ల మొదట్లోనే బందరులో వ్యాపారం పెట్టిన ఆ కంపెనీ 1624లో తైనాన్ తీరంలో, ఇప్పటి అన్‌పింగ్ దగ్గర కోట కట్టడం మొదలుపెట్టింది. దాని పేరు జీలాండియా. 1661లో కోషింగా అనే, చైనా మింగ్ రాజవంశ పక్షపు సేనాని వచ్చి తొమ్మిది నెలలు ముట్టడించాడు. 1662 ఫిబ్రవరిలో డచ్ వాళ్లు కోట అప్పగించి వెళ్లిపోయారు. ఇప్పుడు డచ్ కాలం నాటివి అక్కడ మిగిలింది ప్రధానంగా పాత ఇటుక గోడ ముక్కలే, పైన కనిపించే కట్టడాలు తర్వాతి కాలానివి. ఆ ఇటుకల్ని అతికించడానికి పంచదార పాకం, జిగురు బియ్యపు గంజి, కాల్చిన గుల్లల పొడి కలిపి వాడారని చెప్తారు. మన పాత కట్టడాల్లో గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన సంగతి ఆయనకి తప్పకుండా గుర్తొస్తుంది. గోడ కిందే ఉంటుంది కాబట్టి మోకాళ్లకి కష్టం లేదు. పైన మెట్లున్న భాగానికి మీరు వెళ్లి ఫొటోలు తెచ్చి చూపించండి. ఆ రోజుకి ఆయన్ని గైడుగా పెట్టుకోండి. ముందు రోజు రాత్రి "మామయ్యా, డచ్ వాళ్లు బందరుకి ఎందుకొచ్చారు?" అని అడిగి చూడండి, శనివారం పొద్దున్న అందరికంటే ముందు తయారయ్యేది ఆయనే.

కోటకి దగ్గర్లోనే ఒక పాత గిడ్డంగి ఉంది. ఒకప్పుడు ఇంగ్లీషు వర్తకులది, తర్వాత ఉప్పు నిల్వకి వాడారు. వదిలేశాక మర్రి జాతి చెట్లు గోడల్ని, కప్పుని కమ్మేశాయి. ఊడలే దూలాల్లా నిలబడి ఉంటాయి. నీడ, చల్లదనం ఉంటాయి. అత్తయ్యగారికి ఇది కోట కంటే బాగా నచ్చుతుందనుకుంటున్నాను.

ఆవిడ కోసం అసలైన చోటు ఊరి మధ్యలో ఉంది. చిఖాన్ టవర్ అనే పాత కట్టడం పక్క సందుల్లో సముద్ర దేవత మాజు గుడి. మొదట మింగ్ యువరాజు నివాసం, 1684లో గుడి అయింది. సముద్రం మీదకి వెళ్లేవాళ్లని కాపాడే తల్లి అని నమ్మకం. మన రేవుల్లో గంగమ్మకి మొక్కుకున్నట్టే. పళ్లు, పూలు తీసుకెళ్లవచ్చు. చెప్పులు విప్పనక్కర్లేదు, కానీ గడప తొక్కకూడదు, దాటాలి. మన ఇళ్లలో చెప్పినట్టే. గుడికి ఎదురుగా నిలబడితే కుడి వైపు ద్వారంలోంచి లోపలికి, వచ్చేటప్పుడు ఇంకో పక్క నుంచి బయటికి. నెలవంక ఆకారంలో ఉండే రెండు చెక్క ముక్కలు కనిపిస్తాయి. మనసులో ప్రశ్న అడిగి వాటిని కింద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవత "సరే" అన్నట్టు. ఆవిడ అడగాలనుకుంటే అడగనివ్వండి. ఏం అడిగారని మీరు అడగకండి.

ఆ చుట్టుపక్కలే వందేళ్లు దాటిన ఒక దుకాణంలో బూడిద గుమ్మడికాయ పానకం అమ్ముతారు. మనం వడియాలు పెట్టుకునే, గుమ్మానికి దిష్టికి కట్టే ఆ కాయే. దాన్ని పంచదారతో గంటల తరబడి ఉడికించి పాకం తీసి, నీళ్లు కలిపి చల్లగా ఇస్తారు. పేరుకి టీ అంటారు గానీ టీ ఆకు ఉండదు. తైవాన్‌లో ఆవిడ నిశ్చింతగా తాగగల మొదటి గ్లాసు అదే కావచ్చు. అన్‌పింగ్‌లో సోయా పాలతో చేసే దౌహువా కూడా ఉంది. జున్ను కంటే మెత్తగా ఉంటుంది, పైన బెల్లం రంగు పాకం, ఉడికించిన ఎర్ర చిక్కుడు గింజలు వేస్తారు.

మధ్యాహ్నం భోజనమే ముఖ్యం. దాన్ని అదృష్టానికి వదలకండి. మీకు చైనీస్ చదవడం వచ్చు కాబట్టి ముందే మ్యాప్‌లో "సూ" అక్షరంతో వెతికి రెండు హోటళ్లు చూసి పెట్టుకోండి, ఒకటి మూసేసి ఉంటే రెండోది. చాలా శాకాహార హోటళ్ల బోర్డు మీద స్వస్తిక్ గుర్తు ఉంటుంది. అది చూడగానే అత్తయ్యగారి ప్రాణం కుదుటపడుతుంది. వరసగా పెట్టిన కూరల్లో కావలసినవి మనమే పళ్లెంలో పెట్టుకుని, తూకం వేయించి డబ్బులు ఇచ్చే పద్ధతి అక్కడ మామూలు. కంటితో చూసి వడ్డించుకోవడం ఆవిడకి ధైర్యాన్నిస్తుంది. ఒక్క జాగ్రత్త. సోయాతో, గోధుమ జిగురుతో చేసిన ముక్కలు అచ్చం మాంసంలా, చేపలా ఉంటాయి. ఇది ముందే చెప్పకపోతే తైపే మళ్లీ జరుగుతుంది, ఈసారి మాంసం లేకుండానే. వాటిలో కొన్నింటికి గుడ్డు కలుపుతారు, కాబట్టి ఆకుకూరలు, టోఫూ, పుట్టగొడుగుల దగ్గరే ఆగండి.

ఇంత చేసినా ఆవిడ "నాకు వద్దు" అంటే, బలవంతం వద్దు. ఇంటి దగ్గర పులిహోర కలిపి తీసుకెళ్లండి. తైపే మెట్రోలో మంచినీళ్లు తాగినా జరిమానా పడుతుంది కాబట్టి రైల్లో తినకూడదనుకుంటారేమో, హైస్పీడ్ రైల్లో తినవచ్చు. సెవెన్ ఎలెవెన్ లాంటి కొట్లలో కాల్చిన చిలగడదుంపలు వేడివేడిగా ఉంటాయి. పక్కనే టీ నీళ్లలో మరిగే గుడ్ల వాసన వస్తుంది, ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి మీరు తెచ్చిపెట్టండి.

తైనాన్‌లో పొద్దున పూట పేరున్నది గొడ్డు మాంసం సూప్. దుకాణాల ముందు క్యూలు ఉంటాయి. మీ ఆయన లిస్టులో అది లేదు, సంతోషం. టాక్సీ అయితే ఆ వీధులు తప్పించుకోవచ్చు. అయినా ఎదురుపడి ఆవిడ కలవరపడితే ఒక నిజం చెప్పండి. దుక్కి దున్ని అన్నం పెట్టిన పశువు అని తైవాన్‌లో కూడా పాత రైతు కుటుంబాల్లో చాలామంది దాన్ని ముట్టరు.

ఇక మీ ఆయన లిస్టు. చాటుగా తినే ఏర్పాటు మాత్రం చేయవద్దు. అలా చేస్తే, "వాడేడమ్మా?" అని ఆవిడ అడిగినప్పుడు అబద్ధం చెప్పాల్సి వచ్చేది మీకు. మీరు ముగ్గురూ శాకాహార హోటల్లో కూర్చున్న గంటలో అతను "అమ్మా, నేను అటు వెళ్లి తిని వస్తాను" అని మామూలుగా చెప్పి వెళ్లవచ్చు. ఆవిడకి తెలిసిన విషయమే, ఎదురుగా పెట్టడం లేదంతే. తన తిండికి అతను చిన్నబుచ్చుకోనక్కర్లేదు, ఆవిడ ఎదురుగా భరించనూ అక్కర్లేదు. అలా చేస్తే లిస్టులో ఒకటో రెండో తీరతాయి.

మొత్తం తీరాలంటే రాత్రి అక్కడే ఉండటం గురించి ఆలోచించండి. ఖర్చు పెరుగుతుంది, ఆదివారం పొద్దున్న పూజకి ఆవిడకి హోటల్ గదిలో ఇబ్బంది కావచ్చు, అది అడిగి తెలుసుకోండి. కానీ లాభాలు ఉన్నాయి. హ్వాయువాన్ నైట్ మార్కెట్ గురు, శని, ఆదివారాల్లోనే ఉంటుంది. పెద్దవాళ్లు గదిలో విశ్రాంతిగా ఉంటే మీరిద్దరూ రాత్రి అక్కడికి వెళ్లి రావచ్చు. పులిసిన టోఫూ వాసన గదిదాకా రాదు. మిల్క్‌ఫిష్ గంజి పొద్దుటి తిండి. ఆవిడ స్నానం, పూజ అయ్యేలోగా అతను తినేసి వస్తాడు. నెల రోజులుగా మీరిద్దరూ ఒంటరిగా ఒక గంట బయట తిరిగారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు, అందుకే అడుగుతున్నాను.

ఒక్క రోజులోనే తిరిగి రావాలంటే ఊరు మొత్తం చూడాలనుకోకండి. షిన్‌చు నుంచి తైనాన్‌కి హైస్పీడ్ రైలు సుమారు గంటా పావు, కానీ ఆ స్టేషన్ ఊరికి దూరం. అక్కడి నుంచి లోకల్ రైలు ఉంది, మోకాళ్ల కోసం నేనైతే టాక్సీకే ఖర్చు పెడతాను. ఊళ్లో మెట్రో లేదు. పొద్దున అన్‌పింగ్, భోజనం, తర్వాత గంటన్నర ఎక్కడైనా కూర్చోవడం, సాయంత్రం గుడి. చాలు. ఎండ ఎక్కువనిపిస్తే 1932లో కట్టిన హయాషి అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి వెళ్లండి. లిఫ్టు ఉంది, డాబా మీద చిన్న జపనీస్ గుడి, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ విమానాల తూటాలు తగిలిన గుర్తులు ఉన్నాయి. మామయ్యగారికి మళ్లీ పని దొరుకుతుంది. నవంబరులో మీ షిన్‌చులో గాలి ఈడ్చి కొడుతుంది కదా, తైనాన్‌లో ఎండగా, పొడిగా ఉంటుంది, ఆయన కీళ్లకీ మంచిది. ఐదుంపావుకల్లా పొద్దు వాలిపోతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

ఇవన్నీ చెప్పాక కూడా ఆవిడ "రాను" అంటే, ఆ మాటకి విలువివ్వండి. అప్పుడు మామయ్యగారిని, మీ ఆయన్ని మాత్రం పంపి మీరు ఆవిడ దగ్గర ఉండిపోవచ్చు. తండ్రీకొడుకులు ఆ కోట చూసి వస్తారు. మీరిద్దరూ షిన్‌చులోనే ఒక శాకాహార హోటల్ వెతుక్కుని, మధ్యాహ్నం అక్కడ తినండి. తైపేలో పోయిన నమ్మకం ఇంటి పక్క హోటల్లోనైనా తిరిగి రావచ్చు.

టికెట్లు మాత్రం ఇప్పుడే బుక్ చేయకండి. మీ ఆయనకి ఈ ఉత్తరం చూపించండి. ఈ రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, వాళ్లమ్మ పక్కన కూర్చుని అడగమనండి. అతను అడుగుతున్నప్పుడు మీరు వంటింట్లోకి వెళ్లిపోకుండా అక్కడే ఉండండి.